60 వేలలో తమ్ముడికి గేమింగ్ పీసీ: మా పర్లాకిమిడి కరెంటుకు తట్టుకునేది చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా) | 12 మే 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తమ్ముడు ప్లస్ టూ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాడు, ఇంజినీరింగ్‌లో చేరతాడు. ఇన్నేళ్లూ ఫోన్లోనే ఆడుకున్నాడు గానీ, నాకు ఇది కావాలని ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. మొన్న అమ్మ చీటీ పాడింది. అందులో 60 వేలు వాడి కంప్యూటర్‌కని పక్కన పెట్టింది. ఇంత డబ్బు మళ్లీ ఒకేసారి చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది, అందుకే కొనేముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

వాడు ఆడాలనుకునేవి వాలొరాంట్, జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2. బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలని కూడా ఉంది. మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ ఈ 60లోనే రావాలి.

ఊళ్లో ఒక షాపులో అడిగితే మానిటర్ కాకుండా 38 వేలు చెప్పారు. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె), రంగు లైట్ల క్యాబినెట్. ఐ7 కాబట్టి పదేళ్లు తిరిగి చూడక్కర్లేదన్నారు. డబ్బు మిగులుతుంది కదా, అదే తీసుకో అంటోంది అమ్మ.

ఇంకో సంగతి. మా వీధిలో సాయంత్రం ఆరు దాటితే ఫ్యాను నెమ్మదిస్తుంది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో మీరే చెప్పాలి.

---

గుణుపురం_గేమర్ | 12 మే, రాత్రి 10:05

ఐ7 దగ్గరే ఆగిపోకు బ్రో. దాని పక్కన ఉండే నంబరు కావాలి. గ్రాఫిక్స్ కార్డు పేరు కూడా. 4 జీబీ అన్నది దాని పేరు కాదు.

---

మహేంద్రతనయ | 13 మే, మధ్యాహ్నం 1:20

ఇప్పుడే షాపుకి వెళ్లి రాసుకొచ్చాను. ఐ7-3770, హెచ్61 మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు జీటీ 730. ర్యామ్ డీడీఆర్3.

---

సీటీసీ_రోజులు (సికింద్రాబాద్, సొంతూరు రాయగడ) | 13 మే, మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, దయచేసి అది కొనకు. ఐ7-3770 వచ్చింది 2012లో. ఆ రోజుల్లో మంచి ప్రాసెసరే. ఇప్పుడు పాత ఆఫీసు కంప్యూటర్లలోంచి తీసి, కొత్తగా చేసిన చవక బోర్డు మీద పెట్టి, కొత్త క్యాబినెట్లో అమ్ముతున్నారు. జీటీ 730 అయితే 2014 నాటిది, అప్పట్లోనే అది గేముల కార్డు కాదు. 4 జీబీ అన్న మాట చూసి మనం మోసపోతాం. ఎంత మెమరీ ఉందన్నది ఒకటి, ఆ మెమరీ ఎంత వేగంగా అందుతుందన్నది ఇంకొకటి. డీడీఆర్3 అనే పాత రకం మెమరీ ఉన్న జీటీ 730లో అది సెకనుకు 30 జీబీకి కూడా చేరదు. ఆర్‌ఎక్స్ 6600లో 224 జీబీ. పెద్ద బిందెకు సన్నటి గొట్టం బిగించినట్టన్నమాట.

విండోస్ సంగతి కూడా ఉంది. ఆ ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా తీసుకోదు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుంది. వాలొరాంట్ అయితే విండోస్ 11లో టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉంటే తప్ప తెరుచుకోదు. అంటే మీవాడు సెకండియర్‌కి వచ్చేసరికి మళ్లీ మొదటికొస్తారు.

నేను సికింద్రాబాద్ సీటీసీలో, అంటే కంప్యూటర్ షాపుల సముదాయంలో, కొన్నాళ్లు పనిచేశాను. ఈ వారం ధరలు కనుక్కుని రాస్తున్నాను, ఒక ఐదొందలు అటూ ఇటూ ఉండొచ్చు.

ప్రాసెసర్ రైజెన్ 5 5600, 10,800. ఏ520 బోర్డు 5,200. ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ కార్డు 20,500. ర్యామ్ డీడీఆర్4 3200, ఎనిమిది ఎనిమిదిగా రెండు కర్రలు, 3,400. స్టోరేజీకి 500 జీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డీ 3,300. ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువ అన్న ముద్ర), 4,200. ముందు భాగం జాలీగా ఉన్న క్యాబినెట్ 3,200. 24 అంగుళాల 100 హెర్ట్జ్ మానిటర్ 8,200. కీబోర్డు, మౌస్ కలిపి 1,200. మొత్తం సరిగ్గా 60,000.

---

బరంపురం_బావ | 13 మే, సాయంత్రం 4:10

లిస్టు బాగుంది అన్నా. రెండు మాటలు కలుపుతాను.

ప్రాసెసర్ ఐ3-12100ఎఫ్, హెచ్610 బోర్డు పెడితే 1,800 దాకా తగ్గుతుంది. నాలుగు కోర్లే అయినా ఈ మూడు గేములకూ చాలు. కానీ బ్లెండర్ అన్నాడు కాబట్టి ఆరు కోర్ల 5600 వైపే నా ఓటు కూడా. షాపువాడు 5600 లేదు 5600జీ ఉంది, రెండూ ఒకటే అంటే ఒప్పుకోవద్దు. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5600జీలో 16. జీ అంటే లోపల చిన్న గ్రాఫిక్స్ ఉన్నది. విడిగా కార్డు కొంటున్నప్పుడు దానితో పని లేదు.

ర్యామ్ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఒకటే 16 జీబీ కర్ర ఇస్తాను, రేపు ఇంకోటి వేసుకోవచ్చు అంటారు. రెండు ఎనిమిదులు వేస్తే రెండు దారుల్లో డేటా వెళ్తుంది, గేముల్లో ఆ తేడా కంటికి తెలుస్తుంది. బోర్డుకి రెండే స్లాట్లుంటే రేపు 32 కావాలన్నప్పుడు రెండూ మార్చాలి, అది నిజమే. అయినా ఇవాళ్టికి ఇదే మేలు.

---

పాత_కార్డు (జయపురం) | 13 మే, రాత్రి 8:30

కార్డుకే 20 వేలు పెట్టేస్తున్నారు. పాత ఆర్‌ఎక్స్ 580 8 జీబీ ఏడు వేలలో దొరుకుతుంది. నేను రెండేళ్లుగా వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. మిగిలిన 13 వేలతో మంచి మానిటర్ కొనుక్కోవచ్చు కదా.

---

సీటీసీ_రోజులు | 13 మే, రాత్రి 9:15

మీకు మంచి ముక్క దొరికింది, సంతోషం. కానీ వీళ్లకి చెప్పేటప్పుడు ఆలోచించాలి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం పద్ధతి మారి, కార్డులతో దాని మైనింగ్ (లెక్కలు చేసి నాణేలు సంపాదించడం) చేసే అవసరం పోయింది. అప్పుడు రాత్రీ పగలూ తిరిగిన కార్డులన్నీ కడిగి, తుడిచి మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో 580 చాలా ఎక్కువ. పైగా 2048ఎస్‌పీ అని ఒక తగ్గు రకం ఉంది, బయటికి చూస్తే తేడా తెలీదు. కొనేవాడికి కార్డు చూడ్డం వచ్చి ఉండాలి, కళ్ల ముందు అరగంట లోడు మీద నడిపించుకోవాలి. బిల్లు లేదు, వారంటీ లేదు. చీటీ డబ్బుతో ఆ పని వద్దు.

580కి 185 వాట్లు కావాలి. 6600కి 132 చాలు. వీళ్ల వీధిలో ఫ్యాను నెమ్మదిస్తోందంటున్నాడు, అక్కడ ఆ 50 వాట్లు కూడా లెక్కే.

---

ఎర్తింగ్_మాస్టారు (రాయగడ) | 13 మే, రాత్రి 10:50

బాబూ, నేను కంప్యూటర్ల మనిషిని కాను. నలభై ఏళ్లు వైరింగ్ పని చేశాను. మా మనవడికి ఇలాంటిది కొన్నప్పటి నుంచి ఇక్కడ చదువుతూ ఉంటాను. ఇంతమంది ఇన్ని మాట్లాడారు గానీ, సాయంత్రం ఫ్యాను నెమ్మదిస్తుందన్న నీ మాటని ఎవరూ లోతుగా పట్టుకోలేదు. నాకు ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే పెద్ద మాట అదే.

ఫ్యాను ఓల్టేజీ తగ్గితే నెమ్మదిస్తుంది, అంతే. నీ ఎస్‌ఎంపీఎస్ అలా కాదు. దానికి 250 వాట్లు కావాలంటే ఎలాగైనా 250 లాగుతుంది. 230 ఓల్టుల దగ్గర సుమారు 1.1 ఆంపియర్ లాగేది, 170 ఓల్టులకి పడితే 1.5 లాగుతుంది. కరెంటు పెరిగితే లోపల వేడి పెరుగుతుంది. చవకది అయితే అక్కడే ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. పోతూ పోతూ ఒక్కోసారి బోర్డునీ తీసుకుపోతుంది.

ముందు మూడు పనులు చెయ్యి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే చెయ్యి, ఒక్కడివీ వద్దు.

రాత్రి ఏడున్నరకి ప్లగ్గులో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంతుందో చూడు. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఎంతుందో చూడు, రెండు మూడు ఓల్టులకి మించకూడదు. తర్వాత 100 వాట్ల బల్బుతో ఫేజుకీ ఎర్తుకీ మధ్య వెలిగించి చూడు. నిండుగా వెలగాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే అది పడిపోతుంది, భయపడకు, దాని పని అదే.

మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమందా?

---

మహేంద్రతనయ | 14 మే, రాత్రి 8:35

మాస్టారూ, మీరు అడిగినట్టే చూశాం. ఫ్రిజ్ జివ్వుమనడం మాకు అలవాటైపోయింది, చెప్పులు వేసుకుని తీస్తాం.

ఏడున్నరకి ఫేజు, న్యూట్రల్ మధ్య 174. న్యూట్రల్, ఎర్తు మధ్య 46. బల్బు పెడితే వెలగలేదు. దగ్గరికి వంగి చూస్తే లోపల తీగ ఎర్రటి దారంలా కనిపించింది, గదిలో లైటు ఆపితేనే అదీ కనిపించింది. అదే బల్బు న్యూట్రల్‌కి పెడితే వెలిగింది.

ఎలక్ట్రీషియన్ అన్న పెరట్లోకి వెళ్లి చూశాడు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పెరట్లో పనస చెట్టు గోడ మీద పడింది. గోడ కట్టించాం, మీటరు వైరు వేయించాం. ఎర్తు తీగ మాత్రం మట్టిలోకి దిగే చోట తెగి, గోడకి వేలాడుతూ ఉంది. ఇన్నేళ్లుగా ఇంట్లో ఎర్తింగే లేదు. అమ్మ రోజూ ఆ ఫ్రిజ్ తీస్తుంది. ఆ మాట తలచుకుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

---

ఎర్తింగ్_మాస్టారు | 14 మే, రాత్రి 9:20

రేపే ఆ పని చేయించు బాబూ. కంప్యూటర్ సంగతి తర్వాత. ఇది మీ అమ్మగారి కోసం.

తడి నిలిచే చోటు చూసుకో, నుయ్యి పక్కన గానీ వంటింటి నీళ్లు పారే వైపు గానీ. ఎనిమిది అడుగుల జీఐ పైపు నిలువుగా దింపండి. చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస పొయ్యాలి. పైన గరాటు, మూత. అక్కడి నుంచి మీటరు బోర్డు దాకా తీగ ఎక్కడా అతుకు లేకుండా ఒకటే ముక్క రావాలి. అక్కడి నుంచి ప్రతి మూడు పిన్నుల ప్లగ్గుకీ వెళ్లిందో లేదో విప్పి చూడమను. పెద్ద పిన్ను వెనక ఏమీ లేకుండా ఖాళీగా వదిలేసిన ప్లగ్గులు మన వైపు ఎన్ని చూశానో.

కంప్యూటర్ క్యాబినెట్ జివ్వుమనడం గురించి కూడా చెబుతాను. ప్రతి మంచి ఎస్‌ఎంపీఎస్‌లోనూ కరెంటులో చెత్తని వడకట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. అవి ఆ చెత్తని బాడీ ద్వారా ఎర్తులోకి పంపిస్తాయి. ఎర్తు లేకపోతే అది బాడీ మీదే నిలిచిపోయి, ముట్టుకున్నవాడికి తగులుతుంది. ఎస్‌ఎంపీఎస్ పాడైందని జనం మార్చేస్తుంటారు. కొత్తదీ అలాగే తగులుతుంది.

---

గుణుపురం_గేమర్ | 14 మే, రాత్రి 10:00

మాస్టారు చెప్పినదానికి నేనొకటి కలుపుతాను. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద బొమ్మ చూడకు, పక్కన అతికించిన స్టిక్కర్ చదువు. రెండే చోట్లు.

ఒకటి, ఏసీ ఇన్‌పుట్. అక్కడ 100-240 ఓల్టులు అని ఉండాలి. 200-240 అని ఉంటే, మీ వీధిలో 174 దగ్గర దాని మీద నమ్మకం పెట్టుకోలేం. రెండు రకాలూ 550 వాట్లు, బ్రాంజ్ అనే అమ్ముతారు.

రెండు, 12 ఓల్టుల కింద ఆంపియర్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాని మీదే బతుకుతాయి. 12ని ఆ ఆంపియర్లతో గుణించు. 41 అని ఉంటే 492 వాట్లు, అది నిజమైన 500. షాపువాళ్లు చూపించిన 500 వాట్ల దాని స్టిక్కర్ ఫొటో పెట్టగలవా?

---

మహేంద్రతనయ | 15 మే, మధ్యాహ్నం 12:40

ఫొటో తీశాను. 12 ఓల్టుల కింద 18 ఆంపియర్లు అని ఉంది. ఇన్‌పుట్ 200-240.

---

గుణుపురం_గేమర్ | 15 మే, మధ్యాహ్నం 12:52

216 వాట్లు. దాని మీద 500 అని రాసి అమ్ముతున్నారు.

---

సిరొంచ_తీరం (సిరొంచ, గడ్చిరోలి జిల్లా) | 15 మే, సాయంత్రం 6:15

మాది ఇటు చివర, మహారాష్ట్ర వైపు. వంతెన దాటితే తెలంగాణ. కరెంటు కథ ఇక్కడా అదే, అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

పోయిన ఏడాది జూన్‌లో తొలి వాన. ఉరుము వినగానే కంప్యూటర్ ప్లగ్గు పీకేశాను. ఇంటర్నెట్ వైరు పీకలేదు. మాకు స్తంభం మీద నుంచి వచ్చేది రాగి కేబుల్. పిడుగు ఎక్కడో పొలాల్లో పడింది, మా రౌటర్ పోయింది, దాని వెంట బోర్డు పోయింది. లాన్ పోర్టు దగ్గర పెసర గింజంత నల్లటి మచ్చ. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఆ మచ్చ చూపించి వారంటీ రాదన్నారు. చాలా కంపెనీల వారంటీ కాగితంలో పిడుగు, ఓల్టేజీ దెబ్బలు ఉండవని అప్పుడు చదివాను.

మీ వైపు ఏప్రిల్ నుంచే ఈదురుగాలుల వానలు కదా. ప్లగ్గు, లాన్ వైరు, డిష్ వైరు టీవీకి తగిలించి ఉంటే అదీ, మూడూ తీసేయండి. ఫైబర్ గాజు కాబట్టి దాని ద్వారా రాదు గానీ, రౌటర్ అడాప్టర్ ద్వారా వస్తుంది.

క్యాబినెట్ ముందు భాగం గాజు ఉన్నది తీసుకోవద్దు. మా ఎండలకి లోపల పెనంలా ఉంటుంది. జాలీదే మంచిది, కాకపోతే దుమ్ము నెలకోసారి బ్రష్షుతో తియ్యాలి. ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకుని ఊదండి, ఊరికే తిరగనివ్వకండి.

---

బరంపురం_బావ | 15 మే, రాత్రి 9:00

కొనేది ఎక్కడ? పాతపట్నం దాటి ఆంధ్ర వైపు వెళ్లి కొంటే పన్ను ఎక్కువని కొందరంటారు. అలాంటిదేమీ లేదు, ఈ విడిభాగాలకి ఒడిశాలో అయినా ఆంధ్రలో అయినా జీఎస్టీ 18 శాతమే. బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు, వినొద్దు. బిల్లు మీద ప్రతి ముక్క సీరియల్ నంబరు రాయించండి. మీకు వెళ్లిరావడానికి ఏ ఊరు దగ్గరో, ఆ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉన్న బ్రాండే కొనండి.

---

మహేంద్రతనయ | 19 మే, ఉదయం 7:30

ఎర్తింగ్ పని అయిపోయింది. 3,000 అయింది, గొయ్యి నేనూ తమ్ముడూ తవ్వాం. బల్బు నిండుగా వెలిగింది. న్యూట్రల్, ఎర్తు మధ్య ఇప్పుడు 2 ఓల్టులు. అమ్మ చెప్పుల్లేకుండా వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి, మూసి, మళ్లీ తీసింది.

ఇప్పుడు డబ్బు సరిపోవడం లేదు. యూపీఎస్ కావాలా? దేన్ని తగ్గించాలి? తమ్ముడేమో గ్రాఫిక్స్ కార్డు చిన్నది తీసుకుందామంటున్నాడు.

---

సీటీసీ_రోజులు | 19 మే, ఉదయం 9:10

కార్డు తగ్గించకు. ఇంట్లో టీవీ ఉందా?

---

మహేంద్రతనయ | 19 మే, ఉదయం 9:14

32 అంగుళాలది ఉంది. హెచ్‌డీఎమ్ఐ ఉంది.

---

సీటీసీ_రోజులు | 19 మే, ఉదయం 9:30

అయితే మానిటర్ దసరాకి కొనుక్కోండి. టీవీలో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చెయ్యండి, మౌస్ కదలిక ఆలస్యంగా కనపడటం తగ్గుతుంది. 8,200 మిగిలాయి కదా, ఎర్తింగ్‌కి 3,000 పోగా ఇంకో 5,200. 1 కేవీఏ యూపీఎస్, లైన్ ఇంటరాక్టివ్ రకం, సుమారు 5,000. బ్యాటరీ మీదకి వెళ్లకుండానే తక్కువ ఓల్టేజీని పైకి ఎత్తి ఇస్తుంది. మీ వీధికి కావాల్సింది అదే. 600 వీఏది చాలదు, అది చాలా రకాల్లో 360 వాట్లే, బ్యాటరీ పాతబడితే గేము మధ్యలో కూర్చుండిపోతుంది.

---

ఎర్తింగ్_మాస్టారు | 19 మే, ఉదయం 10:05

ఇంటి ఇన్వర్టర్ మీద నడపాల్సి వస్తే, వెనకాల యూపీఎస్ మోడ్ మీట ఉంటుంది, అటు వెయ్యాలి. రెండో మోడ్‌లో కరెంటు మారేటప్పుడు ఆలస్యం ఎక్కువ, కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరే అయి ఉండాలి.

---

మహేంద్రతనయ | 26 మే, రాత్రి 11:55

విశాఖ వెళ్లి కొన్నాం. బోర్డు డబ్బా మీద రైజెన్ 5000 రెడీ అన్న స్టిక్కర్ చూసే తీసుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ మీద 100-240 అని ఉంది, 12 ఓల్టుల కింద 41 ఆంపియర్లు. తమ్ముడు గ్రాఫిక్స్ కార్డు డబ్బాని రైల్లో ఒళ్లోంచి దించలేదు.

అంతా బిగించాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వస్తోంది, టీవీలో ఏమీ రావడం లేదు. గంట నుంచి ఇదే. వాడు ఏం పాడుచేశానో అని ముఖం వాల్చేసుకున్నాడు. ఎవరైనా మేలుకుని ఉన్నారా?

---

బరంపురం_బావ | 26 మే, రాత్రి 11:58

హెచ్‌డీఎమ్ఐ వైరు ఎక్కడ పెట్టారు? యూఎస్‌బీ పోర్టుల పక్కనా, కింద అడ్డంగా ఉన్న కార్డుకా?

---

మహేంద్రతనయ | 27 మే, అర్ధరాత్రి 12:06

యూఎస్‌బీల పక్కన. ఇప్పుడు కార్డుకి మార్చాను. వచ్చింది!! వచ్చింది బావా!

---

బరంపురం_బావ | 27 మే, అర్ధరాత్రి 12:10

5600లో లోపల గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డు పోర్టులో ఏమీ రాదు. తమ్ముడితో వాడి తప్పేమీ లేదని చెప్పు. ఇప్పుడే బయాస్‌లోకి (బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయించు, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని ఉంటుంది. లేకపోతే 3200 ర్యామ్ తక్కువ వేగంలోనే నడుస్తుంది, విండోస్ తనంతట తానుగా ఆ సంగతి చెప్పదు.

---

మహేంద్రతనయ | 28 మే, రాత్రి 8:15

ఏడున్నరకి చూశాను. గోడ దగ్గర 172 ఓల్టులు. యూపీఎస్ నుంచి 209 వస్తోంది. ఫ్యాను నెమ్మదించింది, గేము ఆగలేదు. అమ్మ పక్కన మంచం మీద కూర్చుని జీటీఏలో సముద్రం చూస్తూ, అది ఏ ఊరు అని అడుగుతోంది.

---

ఎర్తింగ్_మాస్టారు | 28 మే, రాత్రి 8:40

చాలా సంతోషం బాబూ. ఈ రోహిణి కార్తెలో నేల బీటలు వారుతుంది, గొయ్యి లోపల తడి ఆరిపోతుంది. వానలు పడేదాకా వారానికి రెండు బిందెల నీళ్లు ఆ గరాటులో పొయ్యి.

---

మహేంద్రతనయ | 28 మే, రాత్రి 8:52

తమ్ముడు గేము ఆపి బిందె పట్టుకుని వెళ్లాడు మాస్టారూ.